2520 గొప్పదే, కానీ వాట్సాప్‌లో చెప్పే కారణాలకు కాదు

చెన్నైలో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో 2520 మళ్లీ చక్కర్లు కొడుతోంది. 1 నుంచి 10 వరకు అన్నిటితోనూ శేషం లేకుండా పోయే సంఖ్య ఇదొక్కటేనట. దీన్ని కనిపెట్టింది శ్రీనివాస రామానుజనట. వారానికి 7 రోజులు, నెలకు 30 రోజులు, ఏడాదికి 12 నెలలు, మూడూ గుణిస్తే 2520 రావడమే ఇందులోని రహస్యమట. నా దగ్గరికి లెక్కల ట్యూషన్‌కి వచ్చే పిల్లలు దీన్ని నోటుపుస్తకాల్లోకి ఎక్కిస్తున్నారు. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

"ఇదొక్కటే" అన్నది శుద్ధ తప్పు. 5040 కూడా పోతుంది, 7560 కూడా పోతుంది. 2520 ఎక్కం ఎంత దూరం చదివితే అంత దూరం అవే. వాటిలో అతి చిన్నది 2520, అంతే. బళ్లో నేర్పే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) ఇదే. 8, 9, 5, 7 గుణించి చూడండి, 2520 వస్తుంది. 2, 3, 4, 6, 10 వాటిలోనే ఇమిడి ఉన్నాయి కాబట్టి వేరే వెతకక్కర్లేదు.

క్యాలెండర్ రహస్యం కూడా ఇక్కడే తేలిపోతుంది. 30ని 12తో గుణిస్తే 360. అందులో 8, 9, 5 ఉన్నాయి, లేనిదల్లా 7. వారం ఆ లోటు తీర్చింది. పైగా అన్ని నెలలకూ 30 రోజులు ఎక్కడున్నాయి?

ఇక కనిపెట్టడం. ఆదర్శ నగరంలో 5040 కుటుంబాలు ఉండాలని గ్రీకు తత్వవేత్త ప్లేటో సుమారు 2,350 ఏళ్ల కిందటే అన్నాడు. 1 నుంచి 10 వరకు ఎన్ని భాగాలైనా చేయవచ్చన్నదే ఆయన చెప్పిన కారణం. 9వ శతాబ్దంలో గణితవేత్త మహావీరాచార్యుడు క.సా.గు.ను "నిరుద్ధం" అన్నాడు. ఆయన గణితాన్ని మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

రామానుజన్‌కు అంటగట్టిన ఘనత ఆయన అసలు పనిని మరుగున పడేస్తోంది. నాకు బాధ కలిగించేది ఇదే. ఈ ఊళ్లో పోర్టు ట్రస్టు గుమాస్తాగా పనిచేసి 1914లో ఇంగ్లండు ఓడెక్కిన ఆయన, తనకన్నా చిన్న సంఖ్యలన్నిటికంటే ఎక్కువ భాజకాలు (శేషం లేకుండా భాగించే సంఖ్యలు) ఉన్న సంఖ్యల మీద 1915లో ఒక సుదీర్ఘ వ్యాసం ప్రచురించాడు. 1916లో కేంబ్రిడ్జి పట్టా దానికే వచ్చింది. 2520 అలాంటి సంఖ్యే. దానికి 48 భాజకాలు. అంతకు ముందున్న ఏ సంఖ్యకూ 40కి మించి లేవు. ఆయన పట్టికలో చివరిది 6746328388800, అంటే 6 లక్షల 74 వేల 632 కోట్ల 83 లక్షల 88 వేల 800. దీని భాజకాలు 10,080!

2520 విశేషం నిజంగా చెప్పాలంటే ఇది చెప్పండి. ఈ జాతి సంఖ్యల్లో, తనకన్నా పెద్దవైన ఇదే జాతి సంఖ్యలన్నిటినీ శేషం లేకుండా భాగించగలిగేవి ఆరే ఆరు: 1, 2, 6, 12, 60, 2520. ఆ తర్వాత మరొకటి లేదు. పట్టికలోని ఆ చివరి సంఖ్యను పిల్లలచేత 2520తో భాగింపజేయండి. సరిగ్గా 267 కోట్ల 71 లక్షల 14 వేల 440 వస్తుంది, శేషం సున్నా.