కన్నీళ్లకే పరిమితం చేయకండి

హిందీ సినిమా ముసలి తండ్రికి గౌరవం తెచ్చిందంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రచయిత ‘బాగ్‌బాన్’ (2003) సినిమాను ఉదాహరణగా చూపారు. నేను ఒప్పుకోను. అందులో తండ్రి తప్పే చేయడు, కన్నకొడుకులు మంచే చేయరు. అది జాలి, గౌరవం కాదు. 1984లోనే ‘సారాంశ్’ వచ్చింది. కొడుకు అస్థికల కోసం కస్టమ్స్ కార్యాలయంలో గొంతు చించుకున్న ఆ రిటైర్డ్ మాస్టారిని చూస్తే ఇప్పటికీ గుండె పిండేసినట్టుంటుంది. ఆ పాత్ర వేసిన అనుపమ్ ఖేర్‌కు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు! ‘పీకూ’ (2015)లో అమితాబ్ పాత్ర ఇంకా నచ్చింది. మొండివాడు, స్వార్థపరుడు, పొద్దస్తమానం మలబద్ధకం గోలే. కూతురి పెళ్లికీ అడ్డుపడతాడు. అయినా ఎవరికీ చెప్పకుండా సైకిలెక్కి కోల్‌కతా వీధుల్లో తిరుగుతుంటే మనకూ హుషారొస్తుంది. పెద్దవాళ్లకు కోరికలూ చాదస్తాలూ ఉంటాయని ఒప్పుకునే ఇలాంటి పాత్రలు ఇంకా రాయాలి.