'క్యారెక్టర్' గల జుపిటర్ తాతగారికి

మహారాజశ్రీ జుపిటర్-8 తాతగారి సముఖమునకు,

పాత సోవియట్ కెమెరా లెన్సు అయిన మీకు, చెన్నపట్నం నుంచి, డిజిటల్ రేంజ్‌ఫైండర్ కెమెరాలు (వ్యూఫైండర్‌లో రెండు బొమ్మలని ఒకటిగా కలిపి ఫోకస్ చేసేవి) మెడలో వేసుకుని తిరిగే మీ మనవలు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ మీరు కుశలంగా లేరు. ఫోన్ టార్చి వెలిగించి మీ వెనక నుంచి ఏటవాలుగా పట్టి చూస్తే లోపల సాలెగూడు కనిపించింది.

అలాగని తప్పంతా మీ మీదే వేయలేం. లక్షలు పోసి లైకా ఎమ్8 కొన్నవాడి దగ్గర, దానికి తగిన లెన్సు కొనేపాటికి మిగిలేది ఉత్సాహం ఒక్కటే. అప్పుడు గుర్తొస్తారు మీరు: యాభై మిల్లీమీటర్ల ఫోకల్ లెంత్, ఎఫ్/2 (లెన్సు కన్ను పూర్తిగా తెరిచిన స్థితి, అంకె పెరిగేకొద్దీ కన్ను మూసుకుంటుంది), సుమారు 130 గ్రాములు, కెమెరా ధరలో పదో వంతు కూడా లేని ఖరీదు. అమ్మేవాడు మీ ఫొటో కింద 'ఎక్సలెంట్ ప్లస్ ప్లస్ ప్లస్' అని పెద్ద అక్షరాల్లో వేసి, అడుగున చీమ అక్షరాల్లో 'కొంచెం ఫంగస్ ఉంది, ఫొటోలో పడదు' అంటాడు. మేడిపండుకి లేబులు అంటించినట్టు.

కొనేటప్పుడు ఇంకో తిరకాసుంది. మీ కవల సోదరుడొకాయన కీవ్ కెమెరా కోసం పుట్టాడు, ఆయన మౌంటు, అంటే కెమెరాకి తగిలే చోటు, మర కాదు, తిప్పి ఇరికించే బేయనెట్. పేరు చూసి తెప్పించుకుంటే మన అడాప్టర్‌లో (మర లెన్సుని లైకాకి తగిలించే లోహపు రింగులో) కూర్చోడు. అంతకన్నా ప్రమాదం జెనిట్ కెమెరాల లెన్సులు. వాటిదీ 39 మిల్లీమీటర్ల మరే, చక్కగా బిగుసుకుంటాయి కూడా. కానీ అవి ఫిల్మ్‌కి 45.2 మిల్లీమీటర్ల దూరంలో నిలబడాల్సినవి. మన లెక్క 28.8. ఆ 16.4 తేడాతో ప్రపంచంలో ఏ వస్తువూ ఫోకస్‌లోకి రాదు, కెమెరా లోపలి రేంజ్‌ఫైండర్ మీటకి తగిలే అంచూ ఉండదు. దాన్ని కూడా 'డ్రీమీ' అని మెచ్చుకునేవాళ్లు దొరుకుతారు, అది వేరే సంగతి.

మీ వంశం గొప్పదే. 1930ల మొదట్లో జర్మనీ లెన్సుల కంపెనీ జైస్‌లో లుడ్విగ్ బెర్టెలె గీసిన సోనార్ అనే లెన్సు మీ మూలపురుషుడు. ఆరు గాజులని మూడు గుంపులుగా అతికించి, గాలి తగిలే గాజు ముఖాలని ఆరుకి దించాడు. లెన్సులకి మెరుపు తగ్గించే పూతలు లేని ఆ రోజుల్లో ప్రతి ముఖమూ కాస్త వెలుగుని వెనక్కి తన్నేది కాబట్టి, అది చాలా తెలివైన పని. యుద్ధం ముగిశాక ఆ డిజైను సోవియట్ దేశం చేరింది, మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్‌లో మీరు అవతరించారు. సాధారణంగా మీ సీరియల్ నంబరు మొదటి రెండు అంకెలు చూస్తే వయసు తెలిసిపోతుంది. వయసు దాచుకోని పెద్దమనిషి మీరు.

అసలు ఫిర్యాదుకి వస్తాం. మీకేం జబ్బు చేసినా ఈ ఊళ్లో దాన్ని 'క్యారెక్టర్' అంటున్నారు. ఫొటో మసకగా వస్తే క్యారెక్టర్, ఫోకస్ తప్పితే క్యారెక్టర్, ఎదురెండలో బొమ్మంతా మజ్జిగ అయినా క్యారెక్టరే. మీకు నిజంగా ఉన్న క్యారెక్టర్ ఒకటుంది. ఎఫ్/2 దగ్గర మీ అంచుల నుంచి వచ్చే కిరణాలూ నడిమి నుంచి వచ్చేవీ ఒక్కచోట కలవవు. అందుకే మైలాపూర్ మాడవీధిలో పూలమ్మే ఆవిడ ముఖం మీద గీతలు స్పష్టంగానే ఉంటూ, వాటి మీద పల్చటి వెలుగు పొర కప్పినట్టుంటుంది. ఎఫ్/4కి మూస్తే ఆ పొర తొలగిపోతుంది. అది మీ సొంతం, మాకూ ఇష్టం. ఎఫ్/8 దగ్గర కూడా పోని మసక మాత్రం క్యారెక్టర్ కాదు తాతగారూ. అరవై ఏళ్లుగా గ్రీజు ఆవిరై గాజు మీద కూర్చున్న జిడ్డు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పోయే అవకాశం ఉంది. ఫంగస్ ఆమ్లం పూతని తినేసి ఉంటే మాత్రం తుడిచాక కూడా మచ్చ మిగులుతుంది.

ఫోకస్ గొడవ ఇంతకన్నా లోతైనది. పేరుకి యాభై గానీ, ఫోకల్ లెంత్‌లో సోనార్ వంశం లెక్క 52.4 మిల్లీమీటర్లు. లైకా రేంజ్‌ఫైండర్ ఎదుటివాణ్ని 51.6 అనుకుని కొలుస్తుంది. 0.8 తేడాకి ఇంత రాద్ధాంతమా అనొద్దు. మీటరు దూరంలో వస్తువు ఉంటే, మీరు ముందుకి జరగాల్సిన దూరం లైకా లెక్కకన్నా 0.09 మిల్లీమీటర్లు ఎక్కువ. ఆ కాస్త తక్కువైతే ఫోకస్ మూడు సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. ఎఫ్/2 దగ్గర స్పష్టత ఉండేది ముందూ వెనకా రెండేసి సెంటీమీటర్లే. కాబట్టి కంటికి గురిపెడితే చెవికి తగులుతుంది. చెవి చాలా బాగా వచ్చిందని కామెంట్లు కూడా పడతాయి.

దీన్ని దిద్దడానికి ముందు కెమెరాకి పరీక్ష పెట్టాలి. నమ్మకమైన ఇంకో లెన్సు బిగించి, మెరీనాలో కన్నగి విగ్రహం దగ్గర నిలబడి, కిలోమీటరు పైనున్న లైట్‌హౌస్ నిలువు గీత మీద వ్యూఫైండర్‌లోని రెండు బొమ్మలూ కలుస్తున్నాయో లేదో చూడాలి. కలవకపోతే జబ్బు కెమెరాది. మిమ్మల్ని విప్పితే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. కలిస్తే మీ వంతు. ట్రైపాడ్ వేసి, మీటరు దూరంలో స్కేలు నలభై ఐదు డిగ్రీల వాలులో ఆనించి, ఎఫ్/2 మీద ఐదు ఫొటోలు తీయాలి. ప్రతిసారీ ఫోకస్‌ని అనంతం (అతి దూరం) గుర్తు వరకూ తిప్పి మళ్లీ మొదటి నుంచి రావాలి, లేకపోతే మీ మరల సందుల్లోని వదులుతనం కూడా లెక్కలో కలిసిపోతుంది. లైకా ఎమ్8, ఎమ్9లకి లైవ్ వ్యూ (తీసేముందే తెరమీద బొమ్మ చూపించడం) లేదు కాబట్టి తీసి, తెరమీద పెద్దది చేసి చూసుకోవాలి. మీతో తీసిన ఫొటోల్లో లైట్‌హౌస్ దగ్గరా స్కేలు దగ్గరా ఒకే వైపు తప్పితే అడాప్టరో, మీ లోపలి రింగో. దగ్గర మాత్రమే తప్పితే వంశం లెక్క.

మందు ఆ లోపలి రింగే. గాజులున్న గుండుని ఫోకస్ తిరిగే చట్రం నుంచి వేరు చేస్తే, రెంటి మధ్య పల్చటి షిమ్, అంటే ఎడం కోసం వేసే రింగు, ఉంటుంది. దాని మందం పెంచితే గాజులు సెన్సార్‌కి దూరమై ఫోకస్ దగ్గరికి వస్తుంది. ముందు జెరాక్స్ కాగితం, అంటే 80 జీఎస్‌ఎమ్, మందం సుమారు 0.1 మిల్లీమీటరు, రింగులా కోసి వేసి చూడాలి. సరిపోతే ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా గోడ నుంచి అదే ఆకారం కత్తిరించాలి, మందం ఇంచుమించు అంతే. కాగితాన్నే ఉంచేస్తే మద్రాసు తేమకి ఉబ్బుతుంది. కాకపోతే దీనికీ వెల ఉంది. దగ్గర బాగుపడితే దూరం చెడుతుంది. అనంతం గుర్తు మీద పెట్టినా నిజంగా ఫోకస్ పడేది ముప్ఫై మీటర్ల దగ్గర, లైట్‌హౌస్ మెత్తబడుతుంది. ఎఫ్/5.6 పెడితే మళ్లీ గట్టిపడుతుంది. ముఖాలు తీసేవాళ్లకి ఇది మంచి బేరం. సముద్రం తీసేవాళ్లు మిమ్మల్ని అలాగే వదిలేయడం మేలు.

హెలికాయిడ్‌ని (ఫోకస్ కోసం గాజులని ముందుకీ వెనక్కీ నడిపే మరల గొట్టాన్ని) మాత్రం గుర్తు పెట్టకుండా విప్పకూడదు. దాని మరలు ఒక్కచోట కాదు, అనేక చోట్ల మొదలవుతాయి. ఎక్కడ ఊడిందో సూదితో గీత గీయకపోతే, తిరిగి బిగించేటప్పుడు తప్పుడు మొదలు దొరికి అనంతం అనంతంలోనే కలిసిపోతుంది. బిగుసుకుపోయిన మరకి కుట్టుమిషన్ నూనె చుక్క వేసే మహానుభావులకి ఓ మాట: మన మే నెల ఎండకి ఆ నూనె పల్చబడి డయాఫ్రం రేకుల (మీ కన్ను మూసి తెరిచే రేకుల) మీదికి పాకుతుంది.

అడాప్టర్ గురించి రెండు మాటలు. అంబలి తాగేవాడికి మీసాలు ఎత్తేవాడొకడు కావాలి కదా, మీకు ఆయన కావాలి. మీ స్క్రూ మౌంటు 28.8, కెమెరాకున్న లైకా ఎమ్ మౌంటు 27.8, మధ్యలో ఒక్క మిల్లీమీటరు లోహం. చవక రకం 0.05 మందంగా వచ్చినా అనంతం యాభై ఐదు మీటర్లకి దిగిపోతుంది. స్క్రూగేజితో నాలుగు చోట్ల కొలిచి చూడాలి. యాభై లెన్సుకి వ్యూఫైండర్‌లో 50/75 హద్దు గీతలు తెచ్చే రకమే కొనాలి. 35/135 రకం కొంటే వ్యూఫైండర్ మీ గురించి అబద్ధం చెబుతుంది.

ఇక కార్తీకం వస్తోంది, దాంతో రెండు తంటాలు. ఎమ్8 సెన్సార్ ముందున్న గాజు అర మిల్లీమీటరే, ఇన్‌ఫ్రారెడ్‌ని సరిగ్గా ఆపదు. పాలియెస్టర్ కలిసిన నల్లబట్ట ఆ కిరణాలని వెనక్కి పంపుతుంది. మాల వేసుకున్న స్వాములంతా వంకాయ రంగు పంచెల్లో కనిపిస్తారు. 40.5 మిల్లీమీటర్ల యూవీ-ఐఆర్ కట్ ఫిల్టర్ బిగిస్తే దీక్షా నిలబడుతుంది, ఫొటోలూ నిలబడతాయి. రెండోది ఈశాన్య వానలు. మీతో వచ్చిన ఆ చర్మపు కేసు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, ఫంగస్‌కి అదే పుట్టిల్లు. పారేయాలి. బియ్యం డబ్బాలో పెట్టేవాళ్లు మీకు తవుడు అభిషేకం చేస్తున్నట్టే. రబ్బరు రింగు మూత ఉన్న డబ్బా, అందులో సిలికాజెల్, పక్కన చిన్న తేమమాపకం, ముల్లు 40 శాతానికీ 50 శాతానికీ మధ్య. నారింజ గింజలు ఆకుపచ్చకి మారగానే తీసి వేడి చేయాలి. ముల్లు 40 కిందికి దిగేలా ఎండబెట్టారంటే మీ గ్రీజు గట్టిపడి మళ్లీ మా ప్రాణం మీదికి వస్తుంది.

ఇట్లు,
మీ మనవలు

తా.క.: మీ బంధువు, ముడుచుకునే లెన్సు ఇండస్టార్-22 గారికి ఒక మాట చేరవేయగలరు. వాడకం అయ్యాక గొట్టం లోపలికి నొక్కుకుని ముడుచుకోవడం ఫిల్మ్ కెమెరాల్లో చెల్లింది. ఇక్కడ లోపల ఏం తగులుతుందో వారికి తెలియదు. బయటికి లాగి, తిప్పి బిగించాక, సంచిలో ఉన్నా సరే, అలాగే ఉండమనండి.