కొండ మీద అరగంట

సరిహద్దులంటే నాకు చిన్నప్పట్నుంచీ భక్తి. పొలం గట్టు జరిపినవాణ్ని మా ఊళ్లో మనిషిగా లెక్కేసేవారు కాదు. అంత సంస్కారంలో పెరిగినవాణ్ని తీసుకెళ్లి ఇరాక్ కుర్దిస్తాన్‌లో, ఇరాన్‌ని ఆనుకుని ఉన్న తవేలా అనే కొండ ఊళ్లో దించితే కలత చెందనా మరి?

అక్కడి జనానికి క్రమశిక్షణ లేదు. కొండకి ఇటు మాట్లాడేది హవ్రామీ, అటు మాట్లాడేదీ హవ్రామీయే. అవతలి ఊరి బంధువు విదేశీయుడన్న స్పృహ ఎవరికీ లేదు. చెప్పుల సంగతి మరీ ఘోరం. క్లాష్ అని తెల్లటి నూలు జోళ్లు చేత్తో అల్లుతారు. గుడ్డపీలికలు దట్టంగా కుదించి అట్ట వేస్తారు. వాటికి కుడీ ఎడమా ఉండవు, ఏది ఏ కాలికైనా సరిపోతుంది. చెప్పుల్లోనే కుడి ఎడమలు తేల్చుకోనివాళ్లు ఇరాన్ ఏదో ఇరాక్ ఏదో ఏం తేల్చుకుంటారు!

అలాగని పెద్దలు పట్టించుకోలేదనకండి. 1639లోనే జుహాబ్ సంధి రాసుకుని అప్పట్లో ఇరాక్ వైపు ఏలిన ఒట్టోమన్ సుల్తానూ, ఇరాన్ ఏలిన పర్షియా షా కలిసి ఈ కొండలు పంచుకున్నారు. గట్టు సరిగ్గా ఎక్కడ పడిందో మాత్రం తేలలేదు. 1914లో సర్వే బృందం వచ్చి హద్దురాళ్లు పాతింది. అంటే 275 ఏళ్లు. మన రెవెన్యూ ఆఫీసుల్ని తిట్టేవాళ్లు ఇది గమనించాలి. ఆ బృందంలో ఒట్టోమన్లు, పర్షియన్లు, మధ్యవర్తులుగా బ్రిటిష్‌వాళ్లు, రష్యన్లు ఉన్నారు. ఈ కొండల్లో కాపురముండే కుర్దుల్ని పిలవలేదు. పిలిస్తే మా మేకలు మేసే బీడు ఇది అని గొడవ పెట్టుకుని శుభకార్యం చెడగొట్టేవారు.

వెళ్లే దారిలో హలబ్జా వస్తుంది. 1988 మార్చి 16న సద్దాం విమానాలు విషవాయువు కురిపిస్తే ఇంచుమించు 5,000 మంది చచ్చిపోయిన ఊరు. అది దాటేదాకా నాకు వ్యంగ్యం పలకలేదు.

తిరుగు వ్యాను నాలుగింటికి. నాలుగైందని టీకొట్టు దగ్గరికొచ్చాను. వ్యాను లేదు. సంగతేమిటంటే నా ఫోను కొండవతలి సిగ్నల్ పట్టుకుని ఇరాన్ టైము చూపిస్తోంది. అక్కడ గడియారం మనకంటే, అంటే ఇరాక్‌కంటే, అరగంట ముందు. సూర్యుడొక్కడే ఈ నిబంధన పాటించడం లేదు. ఎవరైనా నోటీసివ్వాలి.

టీకొట్టు ముసలాయన "కాకా, కూర్చో" అని సైగ చేశాడు. కాకా అంటే వాళ్లకి అన్న. టీ అడిగితే కళ్ల మీద చెయ్యి పెట్టుకుని "సర్ చావ్" అన్నాడు. ఒక్క క్షణం గుండె జారింది. కళ్లకద్దుకుంటాం అని అర్థమట.

ఆ అరగంటలో కోల్‌బర్‌ని చూశాను. కోల్ అంటే వీపు, బర్ అంటే మోసేవాడు. ఇద్దరు పట్టి లేపితే మూడోవాడు వంగి ఫ్రిజ్‌ని వీపుకెత్తుకున్నాడు. తాడు రొమ్ము మీద అడ్డంగా బిగించాడు. టైర్లు, టీవీలు, సిగరెట్లు కూడా ఇలాగే ఇరాన్ చేరతాయి. దారిలో కాపలావాళ్ల తుపాకులుంటాయి, మంచుచరియలుంటాయి, 1980–88 యుద్ధంనాటి మందుపాతరలుంటాయి. యుద్ధం అయిపోయిన సంగతి వాటికి ఎవరూ చెప్పలేదు. గట్టు దాటి ఊళ్లోకెళ్లాక ఫ్రిజ్ మర్యాదస్తురాలైపోతుంది. నగరం బజారులో అద్దాల వెనక నిలబడుతుంది. కొన్నాయన గృహస్థు. మోసినవాడే స్మగ్లరు. ఈ వర్గీకరణలో నాకు ఏ లోపమూ కనబడలేదు.

"టైమెంతైంది?" అని ముసలాయన్ని అడిగాను.

"ఇక్కడా, అక్కడా?" అన్నాడు, ఖాళీ గ్లాసు తీసుకుంటూ.

వ్యాను మలుపు తిరిగాక ఫోను దానంతటదే వెనక్కి జరిగి నా అరగంట నాకిచ్చేసింది. పైన కాలిబాట మీద తెల్లటి డబ్బా ఒకటి, కాళ్లొచ్చినట్టు, మెల్లగా ఎక్కిపోతోంది.