మదర్‌బోర్డు పోయిందండీ!

కంప్యూటర్‌కి కొత్త ఎస్ఎమ్‌పీఎస్, అంటే లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా, వేశాక బటన్ నొక్కితే పని చెయ్యలేదంటే గుంటూరు మెకానిక్కులది ఒకటే తీర్పు. మదర్‌బోర్డు పోయిందండీ. ఈ తీర్పు చెప్పడానికి కేబినెట్ మూత తియ్యక్కర్లేదు, అసలు కంప్యూటర్ మొహం చూడక్కర్లేదు. అరండల్‌పేటలో బండి మీద పోతూ, ఫోను హెల్మెట్‌లో దోపుకుని కూడా చెప్పెయ్యొచ్చు. పెంటియమ్‌ల కాలం నుంచీ ఇంత సజావుగా నడుస్తున్న న్యాయవ్యవస్థకి ఇప్పుడొక ముప్పొచ్చిపడింది. ఇళ్ళల్లో కుర్రాళ్ళు స్క్రూడ్రైవర్ పుచ్చుకుని మూత విప్పి లోపలికి తొంగి చూస్తున్నారు. చూసి ఊరుకుంటున్నారా అంటే అదీ లేదు. "నాన్నా, ఈ నాలుగు పిన్నుల వైరు పెట్టలేదు" అంటున్నారు.

ఈ ధోరణిని మొగ్గలోనే తుంచెయ్యాలని నా మనవి.

ముందు ఆ వైరు సంగతి. ఎస్ఎమ్‌పీఎస్ నుంచి బోర్డుకి వెళ్ళే పెద్ద ప్లగ్గుకి 24 పిన్నులు. చూపులకే పెద్దమనిషి. అందరూ దానికి మర్యాద చేసి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కి మరీ కూర్చోబెడతారు. ప్రాసెసర్ పక్కన, బోర్డు మూలగా, చదరంగా ఇంకో చిన్న సాకెట్ ఉంటుంది. రెండు పసుపు, రెండు నలుపు వైర్లున్న ప్లగ్గు అందులో దిగాలి. 2000లో పెంటియమ్ 4 ప్రాసెసర్‌తో పాటు వచ్చిన ఏర్పాటు ఇది. ప్రాసెసర్ తినే 12 వోల్టుల తిండి ఈ దారినే వెళ్తుంది. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి ఎనిమిది పిన్నులు. ఎన్నయినా, ఈ ప్లగ్గు ఎప్పుడూ వైర్ల గుత్తిలో అన్నిటికంటే అడుగున ఉంటుంది, సాకెట్టేమో ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ నీడలో నక్కి ఉంటుంది. ఇది పెట్టకుండా బటన్ నొక్కారనుకోండి, ఫ్యాన్లు గిర్రున తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మాత్రం నల్లగా మొహం వేలాడేస్తుంది. "ఫ్యాన్ తిరుగుతోందిగా సార్, కరెంటు బానే వస్తోంది. అంటే బోర్డే." ఈ తర్కంలో లోటేమీ లేదు, ఆ వైరొక్కటి తప్ప.

బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని కరెంటు పోయిన రాత్రి కూడా ఇల్లు పట్టుకునే ఊరు మనది. అలాంటి ఊరు జానెడు బోర్డు మీద ఒక సాకెట్‌ని వెతకలేదా అని అడుగుతారేమో. వెతకగలదు. వెతకదు. అది మన మర్యాద.

ఇహ వంటింటి జోక్యం. "ఏవండీ, వెనకాల స్విచ్ వేశారా?" ఎస్ఎమ్‌పీఎస్ వీపున గీత, సున్నా గుర్తులతో ఒక స్విచ్ ఉంటుంది, గీత వైపు నొక్కితేనే కరెంటు లోపలికెళ్ళేది. కేబినెట్‌ని గోడకానించి పెడతాం కాబట్టి దాన్ని పట్టించుకునేవాడుండడు. అయినా అంత చిన్న ప్రశ్నకి ఇంటి పెద్ద జవాబిస్తే పరువేం కాను? అందుకని వినపడనట్టుంటారు. (పాత రకాల్లో దాని పక్కనే 115, 230 అని ఎర్ర బుడిపె ఒకటుంటుంది. మన కరెంటుకి 230 మీదే ఉండాలి. సరదాకి 115కి జరిపి స్విచ్ వేస్తే టప్పుమంటుంది. ఆ తర్వాత ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు.)

నాకు మరీ మింగుడుపడనిది పేపర్ క్లిప్పు పరీక్ష. పెద్ద ప్లగ్గుని బోర్డు నుంచి పీకి, అందులో ఆకుపచ్చ వైరునీ ఏదో ఒక నల్ల వైరునీ వంచిన క్లిప్పుతో కలిపి, అప్పుడు వెనక స్విచ్ వేస్తారు. ఎస్ఎమ్‌పీఎస్ ఫ్యాన్ తిరిగిందా, ప్రాణం ఉన్నట్టే. పవర్ బటన్ నొక్కినప్పుడు బోర్డు చేసే పనీ ఇదే, ఆకుపచ్చని ఎర్తుకి కలపడం. మల్టీమీటర్ ఉన్నవాడైతే ఇంకా బరితెగించి పసుపు వైరు మీద వోల్టులు కొలుస్తాడు. 11.4కీ 12.6కీ మధ్య ఉండాలట. ఎందుకండీ ఈ శంక? ఆన్ అయిన అర సెకనులోపే ఎస్ఎమ్‌పీఎస్ తనంతట తానే బూడిద రంగు వైరు మీద "ఇక్కడ అంతా క్షేమం" అని బోర్డుకి కబురు పంపుతుంది. స్వీయ ధ్రువీకరణ పత్రం ఇస్తే ఆఫీసులే కళ్ళకద్దుకుంటున్న రోజుల్లో, మీటర్ పెట్టి మరీ నిలదియ్యడం అమర్యాద కాదూ?

పాతది పీకేటప్పుడు చెయ్యి తగిలి పవర్ బటన్ తాలూకు సన్న వైరు ఊడిందేమోనని చూసేవాళ్ళదీ ఇదే వరస. ర్యామ్ తీసి, రబ్బరుతో రుద్ది, మళ్ళీ గుచ్చడాన్ని మాత్రం క్షమిద్దాం. అది నాటువైద్యం.

అన్నట్టు, ఈ తీర్పుని చేతలతో నిజం చేసే మహానుభావులు కొందరున్నారు, వాళ్ళకి శాలువా కప్పాలి. కేబుళ్ళు విడిగా ఊడొచ్చే ఖరీదైన ఎస్ఎమ్‌పీఎస్‌లు ఉంటాయి కదా, వాటిలో పాత కేబుళ్ళు లోపల పొందిగ్గా ఉన్నాయి, మళ్ళీ ఎవడు లాగుతాడని అలాగే ఉంచి కొత్త డబ్బాకి తగిలిస్తారు. కూర్చుంటాయి కూడా. అయితే డబ్బా వైపు పిన్నుల వరస కంపెనీకో తీరు, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కో తీరు. 5 వోల్టులు పోవాల్సిన దారిలో 12 పోతే, హార్డ్ డిస్కు పెళ్ళి ఫోటోలతో సహా కన్నుమూస్తుంది. "నేను ముందే చెప్పలా?" అంటాడు ఫోనులోని వాడు.

అన్నిటికంటే ముఖ్యం, బజారు బతకాలి. బోర్డు పోయిందన్నారు కాబట్టి బోర్డు కొనాలి. ఆ పాత సాకెట్ బోర్డు స్టాక్‌లో లేదు. ఉన్నదాంట్లో పాత ప్రాసెసర్ కూర్చోదు. పాత డీడీఆర్3 రకం ర్యామ్ కొత్త డీడీఆర్4 స్లాటులో దిగదు, గాటు వేరే చోట ఉంటుంది. "ఎలాగూ ఇంత పెడుతున్నారుగా సార్, ఎస్ఎస్‌డీ కూడా వేసేద్దాం." వేస్తారు. కొత్త బోర్డుకి నాలుగు పిన్నుల వైరు కూడా మర్చిపోకుండా పెడతారు, ఆ ఎస్ఎమ్‌పీఎస్‌దే. పాత బోర్డుకి స్క్రాప్ కింద మూడొందలు కట్టి, ఆ మూడొందలూ సర్వీస్ ఛార్జీలో సర్దేస్తారు.

నాలుగు రోజులు పోయాక ఆ బోర్డు అద్దాల బీరువాలో కనిపిస్తుంది, సెకండ్ హ్యాండ్, నెల గ్యారంటీతో. కొనేవాళ్ళకి బిల్లుతో పాటు ఓ జాగ్రత్త కూడా ఉచితంగా చెప్పి పంపుతారు: "ప్రాసెసర్ పక్కన చిన్న ప్లగ్గుంటుంది, అది పెట్టడం మర్చిపోకండే."