మంచి గిరాకీ లక్షణాలు

అమ్రాబాద్ అడవిలో పులిని కాపాడటానికి చట్టం ఉంది. చెప్పింది నమ్మి, అడిగినంత ఇచ్చి, గమ్మున ఇంటికి పోయే గిరాకీని, అంటే కొనేవాణ్ని, కాపాడటానికి మాత్రం ఏ చట్టమూ లేదు. లేకపోగా 2019లో వినియోగదారుల రక్షణ చట్టమని ఒకటి తెచ్చి, 2020 జూలై 20 నుంచి ఈ అమాయక జాతిని చెడగొట్టే పని మొదలుపెట్టారు. నల్లగొండ గడియారం సెంటర్ నుంచి పాలమూరు దాకా ఈ జాతి నాలుగు కాలాలు నిలవాలంటే, దాని లక్షణాలు రాసి పెట్టుకోవడం అవసరం.

మొదటి లక్షణం మొహమాటం. మంచి గిరాకీ స్వీట్లు కొంటే అట్టడబ్బాను కూడా కోవాలాగే గౌరవిస్తాడు. ఖాళీ డబ్బా 100 గ్రాములు తూగి, స్వీటు కిలో 600 రూపాయలైతే, అట్టకే 60 రూపాయలు సమర్పించుకుంటాడు. చెడ్డ గిరాకీకి ఆ సంస్కారం ఉండదు. "ముందు ఖాళీ డబ్బా పెట్టి సున్నా చెయ్యన్నా" అంటాడు. కాంటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఈ ఏడాదిదేనా అని వంగి చూస్తాడు. గ్యాస్ బండ తెచ్చిన పిల్లగాణ్ని కూడా వదలడు. బండ మీద ఖాళీ బరువు 15.3 అని ఉంటే, దానికి గ్యాస్ బరువు 14.2 కలిపి, మొత్తం 29.5 కిలోలు తూగాలని వాదిస్తాడు. లెక్కల మాస్టర్లను ఎక్కువగా వేసుకుంటే ఊరికి జరిగే నష్టం ఇదే.

పెట్రోలు బంకులో మంచి గిరాకీ బండి దిగడు, ఫోనులోంచి తల ఎత్తడు. 500కు కొట్టమంటే బంకు కుర్రాడు 200 దగ్గర ఆపి, "అరె, రెండొందలు అనుకున్నన్నా" అంటాడు. అంతలో ఇంకొకడు వచ్చి కార్డా, ఫోన్‌పేనా అని మాటల్లో పెడతాడు. మీటరు సున్నాకు రాకుండానే 300 దాకా పరుగెత్తుతుంది. ట్యాంకులో పడ్డది 300ది, జేబులోంచి పోయింది 500. చెడ్డ గిరాకీ దిగి నిలబడి మీటరునే చూస్తాడు, ఆపితే మళ్లీ సున్నా చేయిస్తాడు. అనుమానమొస్తే ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్ర తెమ్మంటాడు. అందులో 25 మిల్లీలీటర్లకు మించి తేడా రాకూడదు. ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేయమంటాడు. ఆరాక మరక మిగిలితే కల్తీ అన్నట్టు. ఈ రెండూ అడగడం గిరాకీ హక్కు. వెనక లైన్లో హారన్లు కొట్టేవాళ్లంతా, పాపం, మంచి గిరాకీలే.

బంగారం దగ్గర చెప్పాల్సింది కొంచెమే. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉండాలి. దుకాణంలో భూతద్దం అడిగి దాన్ని చదివి, భారత ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడాలి. చేతిలో గొలుసుండి యాప్‌లో ఉంగరమని వస్తే అక్కడి నుంచి లేవాలి. రాళ్ల బరువు తీసేసి నికర బరువుకే రేటు కట్టించాలి. మంచి గిరాకీ మాత్రం గాజురాయికి కూడా 22 క్యారెట్ల మర్యాద చేస్తాడు.

ఇక అసలు పరీక్ష రోహిణి కార్తెలో. పత్తి జిల్లాలో మంచి గిరాకీ అంటే ఉద్దెరకు, అంటే అప్పుకు, విత్తనం తీసుకునే రైతు. ఉద్దెర తీసుకున్నవాడు బిల్లు అడగలేడు కదా! "బిల్లెందుకే, నేనెక్కడికన్న పోతనా?" అని తెల్లకాయితం మీద మొత్తం రాసిస్తే కళ్లకద్దుకుని తీసుకుంటాడు. గడ్డిమందు కొట్టినా చావని పత్తి అని లూజుగా సంచిలో ఇస్తే ఇంకా సంతోషం. ఆ రకం పత్తికి మన దేశంలో అనుమతే లేదు, కనుక బిల్లు అడిగే బాధ ముందే తప్పింది.

చెడ్డ రైతు 475 గ్రాముల సీలు ప్యాకెట్టే కొంటాడు. రకం, లాట్ నంబరు, డీలర్ లైసెన్సు నంబరు, ధర, సంతకం ఉన్న బిల్లు పట్టుకుంటాడు. బిల్లు ఇవ్వకపోవడమే తప్పుడు వ్యాపార పద్ధతి అని చట్టంలో ఉందని కూడా గుర్తుచేస్తాడు. ఓపికుంటే 100 గింజలు తడి గోనెపట్టాలో చుట్టి వారం తర్వాత లెక్కపెడతాడు, 75 మొలవకపోతే తిరిగి పట్టుకెళ్తాడు. ఖాళీ ప్యాకెట్టు పొయ్యిలో వెయ్యడు, ట్యాగుతో సహా దాస్తాడు. మొలక రాకున్నా, కాయ పట్టకున్నా కోపంతో చేను దున్నెయ్యడు. దున్నితే సాక్ష్యం మట్టిలో కలిసినట్టే. ముందు వ్యవసాయాధికారికి కాయితం మీద రాసిచ్చి, రసీదు ముద్ర వేయించుకుని, చేను చూపిస్తాడు. రైతు కూడా వినియోగదారుడేనని, పరీక్షకు గింజలు మిగల్చలేదన్న వంకతో అతని కేసు కొట్టేయరాదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. మన కంపెనీల వకీళ్లు ఆ మాట విననట్టు నటిస్తారు, అది వేరే సంగతి.

ఫోన్‌లో "డబ్బులు పంపిస్తున్నం, పిన్ కొట్టు" అంటే కొట్టేవాడు మంచి గిరాకీల్లో శిరోమణి. పిన్ డబ్బు పోవడానికే, రావడానికి అక్కర్లేదు. డబ్బు పోయినోడు గంటలోపే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేస్తే, ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే అవకాశం ఉంటుంది.

చెడ్డ గిరాకీ ఇక్కడితో ఆగుతాడా? ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫిర్యాదు చెప్తాడు. పని కాకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాడు. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపైతే రుసుము లేదు, వకీలు లేకున్నా నడుస్తుంది, హైదరాబాద్‌లో కొన్నా తానుండే జిల్లాలోనే వేయొచ్చు. దానికి ముందు అమ్మినాయనకు ఒక నోటీసు, స్పీడ్ పోస్టులో.

నోటీసు అందిన సాయంత్రమే, మొన్నటిదాకా "నువ్వెవరివో యాదికొస్తలేదు" అన్న ఆసామి ఫోన్ చేస్తాడు. "బావా, మనలో మనకు కేసులేంది, వచ్చి చాయ్ తాగిపో, ఆ బిల్లు కూడా పట్టుకరా, ఒకసారి చూస్త" అంటాడు. చెడ్డ గిరాకీ పోతాడు, చాయ్ తాగుతాడు. పట్టుకెళ్లేది మాత్రం జిరాక్స్.