మైదానంలో కఠినత్వానికి జవాబుదారీ ఎవరు?

అమెరికాలో ఏ కాలేజీ ఫుట్‌బాల్ జట్టయినా (ఇది సాకర్ కాదు, బంతిని చేతపట్టుకొని ఒకరినొకరు ఢీకొంటూ ఆడే అమెరికన్ ఆట) వరుసగా ఓడడం మొదలుపెడితే చాలు, దాని చుట్టూ ఒకటే మాట వినిపిస్తుంది. ఆటగాళ్లు మెత్తబడిపోయారని, ప్రాక్టీసు మరింత కఠినంగా ఉండాలని, తప్పు చేసినవాడి చేత అలసి పడిపోయేదాకా పరుగులు తీయిస్తే తప్ప జట్టుకు జవాబుదారీతనం రాదని అభిమానులు, మాజీ ఆటగాళ్లు, టీవీ వ్యాఖ్యాతలు ముక్తకంఠంతో చెబుతారు. మేరీలాండ్ యూనివర్సిటీ జట్టు 2024లో నాలుగు మ్యాచ్‌లు గెలిచి ఎనిమిది ఓడింది. 2025లో తొలి నాలుగూ గెలిచి ఆశలు రేపి, ఆ తర్వాత ఆడిన ఎనిమిదింటినీ వరుసగా పోగొట్టుకుంది. అయినా కోచ్ మైకేల్ లాక్స్‌లీనే 2026లోనూ కొనసాగిస్తామని యూనివర్సిటీ ప్రకటించింది. ఇలాంటి స్థితిలో కఠిన సాధన కోసం ఒత్తిడి పెరగడం సహజమే. కానీ ఆ యూనివర్సిటీ ఉన్న కాలేజ్ పార్క్ పట్టణంలో ఆ మాట ఎత్తేవారు ముందుగా 2018 మే 29 నాటి సాయంత్రాన్ని గుర్తు చేసుకోవాలి. ఓడుతున్న జట్టులో జవాబుదారీతనం మొదలు కావలసింది పందొమ్మిదేళ్ల కుర్రాడి దగ్గర కాదని, సాధన ఎంత తీవ్రంగా ఉండాలో నిర్ణయించే పెద్దల దగ్గరని ఆ సాయంత్రం రుజువు చేసింది.

ఈ ఆటను అనుసరించేవారికి కథ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అంతకుముందు సీజన్‌లో కూడా మేరీలాండ్ నాలుగు గెలిచి ఎనిమిది ఓడింది. కోచ్ డీజే డర్కిన్, ఆటగాళ్ల దేహదారుఢ్య శిక్షణ చూసేందుకు ఆయన ఏరికోరి తెచ్చుకున్న స్ట్రెంగ్త్ కోచ్ రిక్ కోర్ట్ జట్టును రాటుదేల్చే పనిలో ఉన్నారు. ఆ రోజు ఆటగాళ్లకు ఇచ్చిన పని 110 గజాల పరుగు, పదిసార్లు. జోర్డన్ మెక్‌నెయర్ వయసు 19 ఏళ్లు, మూడు వందల పౌండ్లు దాటిన ఆఫెన్సివ్ లైన్‌మన్, అంటే ముందు వరుసలో నిలబడి ప్రత్యర్థులను అడ్డుకునే ఆటగాడు. ఏడో పరుగు దగ్గర అతని కండరాలు పట్టేశాయి. పదో పరుగును ఇద్దరు సహచరులు చెరో పక్క పట్టుకొని పూర్తి చేయించారు. అతన్ని మైదానం నుంచి తీసుకువెళ్లడానికి 34 నిమిషాలు పట్టిందని, లక్షణాలు కనిపించినప్పటి నుంచి అంబులెన్సు కదిలేసరికి గంటా 39 నిమిషాలు గడిచాయని యూనివర్సిటీ నియమించిన నిపుణుడు రాడ్ వాల్టర్స్ తేల్చారు. అంతసేపూ శరీర ఉష్ణోగ్రత కొలిచినవారు లేరు. చన్నీళ్లు నింపిన తొట్టెలో ముంచినవారూ లేరు. ఆస్పత్రికి చేరాక నమోదైన ఉష్ణోగ్రత 106 డిగ్రీల ఫారన్‌హీట్. జూన్ 13న ఆ బిడ్డ చనిపోయాడు.

వడదెబ్బ తగిలినవాడిని ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆస్పత్రికి తరలించాలి. 2001లో శిక్షణ శిబిరంలో వడదెబ్బతో మరణించిన ప్రొఫెషనల్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ పేరిట కనెక్టికట్ యూనివర్సిటీలో వెలసిన సంస్థ ఏళ్ల తరబడి ఈ విషయాన్ని చెబుతూనే ఉంది. వైద్యానికి కావలసింది మంచుగడ్డలు, నీళ్లు, తొట్టె, వీటితోపాటు ప్రాక్టీసు ఆపమని చెప్పగల ఒక మనిషి. మేరీలాండ్‌లో ఆ నాలుగోది కరవైంది. ఆటగాళ్ల ఆరోగ్యం, గాయాలు చూసుకునే ట్రెయినర్లను, వైద్యులను అథ్లెటిక్ విభాగం అజమాయిషీ నుంచి తప్పించి వైద్య కళాశాల కిందికి తేవాలన్న ప్రతిపాదన 2017లోనే యూనివర్సిటీ అధ్యక్షుడు వాలెస్ లో (‘లో’ ఆయన ఇంటిపేరు) ముందుకు వచ్చింది. ఆయన దాన్ని ఒప్పుకోలేదు.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్నది, మరణవార్తల హోరులో ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది. జట్టు వాతావరణంపై యూనివర్సిటీ వ్యవస్థ వేసిన కమిషన్ దాదాపు రెండు వందల పేజీల నివేదిక ఇచ్చింది. ‘విషపూరిత సంస్కృతి’ అని ముద్ర వేయడానికి ఆ కమిషన్ వెనకాడింది. కానీ మాట్లాడడానికి ఎందరో ఆటగాళ్లు భయపడడం వల్ల సమస్యలు లోలోపలే ముదిరిపోయాయని స్పష్టంగా రాసింది. ఈ వాక్యాన్ని అందరూ నైతిక సమస్యగా చదివారు. నేను దాన్ని ఫుట్‌బాల్ సమస్యగా కూడా చదువుతాను. ‘నాకు ఒంట్లో బాగోలేదు’ అని నోరు తెరవలేని ఆటగాడు, ‘మీరు ఇచ్చిన సంకేతం నాకు అర్థం కాలేదు’ అని కూడా అనలేడు. డిఫెన్స్ ఎటు కదులుతుందో తాను పొరపాటుగా అంచనా వేశానని, తన పక్కన నిలబడినవాడికి మోకాలు నొప్పిగా ఉందని, వారమంతా సాధన చేసిన ఎత్తు పనిచేయడం లేదని చెప్పలేడు. ఫుట్‌బాల్‌లో ఒక్కో దఫా ఆట కొన్ని సెకన్లలో ముగిసిపోతుంది. ఆ కాస్త సమయంలో పదకొండు మంది ఒకే అవగాహనతో కదలాలంటే వారంలోని మిగతా రోజులన్నీ సమాచారం అటూ ఇటూ ధారాళంగా ప్రవహించాలి. భయం ఆ ప్రవాహాన్ని ఆపేస్తుంది. అప్పుడు కోచ్‌కు కనిపించేది అందరూ తలలూపే క్రమశిక్షణ. శనివారం మ్యాచ్‌లో బయటపడేది వారం పొడవునా ఎవరూ నోరు విప్పి చెప్పని తప్పుల రాశి. బరువులు విసరడం, తిండి విసిరేయడం, నలుగురిలో అవమానించడం వంటి ఆరోపణలన్నీ కోర్ట్ హయాం గురించి వచ్చినవే. ఇంత కఠినత్వం వల్ల జట్టు ఏం సాధించింది? డర్కిన్ రెండు సీజన్ల లెక్క 10 విజయాలు, 15 పరాజయాలు. గెలుపు కోసం ఈ మూల్యం తప్పదని వాదించేవారు ఆ గెలుపు ఎక్కడుందో చూపించాలి.

కఠినత్వాన్ని ఆరాధించేవారు చెప్పుకొనే పురాణగాథ ఒకటుంది. 1954లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ కోచ్‌గా వచ్చిన బేర్ బ్రయంట్ తన జట్టును జంక్షన్ అనే చిన్న పట్టణానికి తీసుకువెళ్లి, కరవుతో ఎండిపోయిన నేలపై పది రోజులపాటు నీళ్లు కూడా సరిగా ఇవ్వకుండా సాధన చేయించాడు. దాదాపు వంద మంది వెళితే చివరికి మిగిలింది సుమారు 35 మంది. వారిలో మొనగాళ్లు తయారయ్యారని, రెండేళ్లకు అదే జట్టు తన లీగ్ విజేత అయిందని ఇప్పటికీ గర్వంగా చెబుతారు. శిబిరం ముగిసిన వెంటనే ఆడిన సీజన్‌లో ఆ జట్టు ఒక్కటి గెలిచి తొమ్మిది ఓడిందన్న సంగతిని మాత్రం దాటవేస్తారు. ఒక ఆటగాడు అక్కడ వడదెబ్బతో కూలిపోయి చావు అంచుల దాకా వెళ్లి వచ్చాడన్న సంగతిని అసలు ఎత్తరు. బతికి బయటపడినవారి జ్ఞాపకాల మీద కట్టిన సిద్ధాంతం అది. వెళ్లిపోయిన అరవై పైచిలుకు కుర్రాళ్లలో ఎంతమంది మంచి ఆటగాళ్లు ఉన్నారో ఏ కోచ్ లెక్క వేశాడు?

ఎదుటి వాదనలో నిజం లేదని అనను. ఫుట్‌బాల్ ఒళ్లు తాకే ఆట. మూడు వందల పౌండ్ల మనిషి ఎదురుగా దూసుకొస్తుంటే నిలబడడం పుస్తకం చదివితే రాదు, దెబ్బకు అలవాటుపడని శరీరం మ్యాచ్‌లో త్వరగా గాయపడుతుంది, నాలుగో క్వార్టర్‌లో అలసిపోయిన జట్టు ఓడిపోతుంది. సాధన తీవ్రంగా ఉండాలన్నది కాదనలేని మాట. కానీ ఆ తీవ్రతకు లెక్క ఉండాలి, విరామం ఉండాలి, ఉద్దేశం ఉండాలి. శిక్షగా తీయించే పరుగులో ఈ మూడూ ఉండవు. అది శరీరాన్ని తయారు చేయడానికి కాదు, కోచ్ కోపాన్ని చల్లార్చడానికి.

దీనికి డార్ట్‌మత్ కళాశాల కంటే మంచి సాక్ష్యం నాకు కనిపించదు. న్యూ హాంప్‌షైర్‌లోని ఆ పాత విద్యాసంస్థ జట్టు 2008లో ఆడిన పది మ్యాచ్‌లూ ఓడింది. 2009లో రెండే గెలిచింది. కోచ్ బడ్డీ టీవెన్స్ ఉద్యోగం ఊడడం ఖాయమని అంతా అనుకుంటున్న వేళ ఆయన అందరూ ఆశించినదానికి పూర్తిగా విరుద్ధమైన నిర్ణయం తీసుకున్నారు. 2010 నుంచి ప్రాక్టీసులో ఒక ఆటగాడు మరొక ఆటగాడిని పట్టి పడగొట్టడాన్ని పూర్తిగా నిషేధించారు. డార్ట్‌మత్‌లో ఆడే నాలుగేళ్లలో ఏ కుర్రాడూ తన సహచరుణ్ని ఒక్కసారి కూడా నేలకేసి కొట్టనవసరం లేదు. దానికి బదులు మెత్తటి దిండ్ల మీద, బొమ్మల మీద, తర్వాతి కాలంలో అదే కళాశాల ఇంజనీరింగ్ విద్యార్థులు తయారుచేసిన, రిమోట్‌తో నడిపిస్తే పరుగెత్తే యంత్రపు బొమ్మ మీద పడగొట్టే నైపుణ్యాన్ని వందలసార్లు సాధన చేయించారు. తల ఎక్కడ ఉండాలి, భుజం ఎక్కడ తగలాలి, కాళ్లు ఎంత ఎడంగా ఉండాలి అన్నవి అదే పనిగా దిద్దారు. గాయాలు తగ్గాయి. మ్యాచ్‌లో ప్రత్యర్థిని పట్టబోయి జారవిడిచే తప్పులూ తగ్గాయి. నిషేధం పెట్టిన 2010లోనే జట్టు ఆరు గెలిచి నాలుగే ఓడింది. 2015లో తొమ్మిది గెలిచి, ఎనిమిది పాత విద్యాసంస్థల జట్లు ఆడే ఐవీ లీగ్ టైటిల్‌ను పంచుకుంది. 2019లో, 2021లో మళ్లీ పంచుకుంది. 2016లో ఐవీ లీగ్ మొత్తం సీజన్ నడిచే రోజుల ప్రాక్టీసుల్లో పూర్తిస్థాయి పడగొట్టడాన్ని ఆపేసింది.

టీవెన్స్ చేసిన పనిలోని నాయకత్వాన్ని గమనించాలి. పది మ్యాచ్‌లూ ఓడిన కోచ్ తన ఆటగాళ్లను మెత్తటివాళ్లని నిందించలేదు. వారి చేత తానేం చేయిస్తున్నానో ప్రశ్నించుకొని మార్చుకున్నారు. ఓటమికి జవాబు చెప్పే బాధ్యతను తన మీద వేసుకున్నారు కాబట్టే కుర్రాళ్లు మైదానంలో తమ బాధ్యతను మోశారు. నాలుగేళ్లకోసారి మారిపోయే విద్యార్థుల మీదికి నాయకుడు నెపం నెట్టేస్తే వారు నేర్చుకునేది కూడా నెపం నెట్టడమే.

మేరీలాండ్‌లో ఆ నెపం ఎంత పైదాకా పాకిందో చూడండి. మెక్‌నెయర్ మరణానికి చట్టపరమైన, నైతికమైన బాధ్యత యూనివర్సిటీదేనని అధ్యక్షుడు వాలెస్ 2018 ఆగస్టు 14న బహిరంగంగా ఒప్పుకున్నారు. అది గౌరవించదగిన మాట. అయినా అక్టోబరు 30న యూనివర్సిటీ వ్యవస్థను పాలించే రీజెంట్ల బోర్డు డర్కిన్‌ను తిరిగి విధుల్లోకి తీసుకోవాలని సిఫారసు చేసింది. అదే రోజు వాలెస్ తన పదవీ విరమణ ప్రకటించారు. విద్యార్థులు, చట్టసభ సభ్యులు, గవర్నర్ ఆగ్రహించడంతో మర్నాడే వాలెస్ డర్కిన్‌ను తొలగించారు, ఆ మర్నాడు బోర్డు ఛైర్మన్ జేమ్స్ బ్రేడీ రాజీనామా చేశారు. కాంట్రాక్టు ప్రకారం డర్కిన్‌కు చెల్లించవలసి వచ్చిన మొత్తం సుమారు 55 లక్షల డాలర్లు. రాజీనామా చేసిన స్ట్రెంగ్త్ కోచ్‌కు 3 లక్షల 15 వేల డాలర్లు ఇచ్చారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు 2021లో కుదిరిన పరిహారం 35 లక్షల డాలర్లు. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కలిగే కోపం ఏళ్లు గడిచినా తగ్గలేదు. డర్కిన్ 2020లో మిసిసిపీ యూనివర్సిటీలో, 2022లో టెక్సస్ ఏ అండ్ ఎంలో, 2024లో ఆబర్న్‌లో పెద్ద కొలువులు చేశారు. 2025 నవంబరులో ఆబర్న్‌కు తాత్కాలిక హెడ్ కోచ్ కూడా అయ్యారు. జవాబుదారీతనం గురించి కుర్రాళ్లకు ప్రతిరోజూ పాఠం చెప్పే రంగం పెద్దల విషయంలో పాటిస్తున్న ప్రమాణం ఇదీ.

ఈ అసమానతకు మూలం ఆటగాడికి బలం లేకపోవడంలో ఉంది. అతని స్కాలర్‌షిప్పు, ఆడే అవకాశం, భవిష్యత్తు అన్నీ ఒక్క కోచ్ చేతిలో ఉండేవి. 2014లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఆటగాళ్లు యూనియన్ పెట్టుకోబోతే ప్రాంతీయ కార్మికాధికారి వారిని ఉద్యోగులేనన్నారు. 2015లో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ఆ విషయంలో కలుగజేసుకోబోమని తప్పుకుంది. ఆ తర్వాత వచ్చిన మార్పులు వేరే దారిన వచ్చాయి. 2018 అక్టోబరులో, వేరే కళాశాలకు మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైంది, 2021 నుంచి ఒక ఏడాది ఆటకు దూరం కాకుండానే మరో కళాశాలకు వెళ్లే వెసులుబాటు దొరికింది, 2025 నుంచి ఒక్కో యూనివర్సిటీ ఏటా సుమారు 2 కోట్ల డాలర్ల వరకు క్రీడాకారులకు నేరుగా పంచవచ్చు. ఇవి వచ్చాక కుర్రాళ్లను గట్టిగా ఒక మాట కూడా అనలేకపోతున్నామని కోచ్‌లు వాపోతున్నారు. నా దృష్టిలో ఇది ఈ దశాబ్దంలో కాలేజీ ఫుట్‌బాల్‌కు జరిగిన గొప్ప మేలు. వెళ్లిపోగల ఆటగాడి ముందు కోచ్ తన పద్ధతిని సమర్థించుకోక తప్పదు. ఏ రీజెంట్ల బోర్డూ తేలేని జవాబుదారీతనాన్ని ఈ ఒక్క హక్కు తెచ్చింది.

డబ్బు కొత్త చీలికలు తెచ్చిందన్నదీ నిజమే. కొందరికి ముట్టి కొందరికి ముట్టకపోవడంతో 2024లో లాకర్ రూమ్ తన చేయి దాటిపోయిందని లాక్స్‌లీ 2025 జులైలో, మేరీలాండ్ ఆడే లీగ్ అయిన బిగ్ టెన్ మీడియా సమావేశంలో స్వయంగా చెప్పారు. అంతమంది ముందు కోచ్ అలా ఒప్పుకోవడం అరుదు. ఆయన ఆ మాట అన్నాక కూడా ఎనిమిది వరుస ఓటములు వచ్చాయి కాబట్టి ఫలితాల విషయంలో యూనివర్సిటీ ఆయనను ఎంత కఠినంగా నిలదీసినా తప్పులేదు, అవసరమైతే తొలగించినా తప్పులేదు. ఆ ఒత్తిడి ఆగస్టు ఎండలో కుర్రాళ్ల మీదికి బదిలీ కావడమే తప్పు.

మెక్‌నెయర్ పేరు మీద మేరీలాండ్ చట్టసభ 2021లో చేసిన చట్టం వడదెబ్బ వంటి ప్రమాదాల నివారణకు యూనివర్సిటీలు విధివిధానాలు పాటించాలని నిర్దేశించింది. అది అవసరమైన అడుగే, కానీ అక్కడితో ఆగిపోకూడదు. ట్రెయినర్ జీతం, నియామకం, పదోన్నతి కోచ్‌కు గానీ అథ్లెటిక్ డైరెక్టర్‌కు గానీ ఏమాత్రం సంబంధం లేని చోట నుంచి రావాలి. ప్రాక్టీసును ఎవరు, ఎందుకు, ఏ నిమిషంలో ఆపారో ప్రతి సీజన్ చివర బహిరంగంగా ప్రచురించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, మైదానంలో ఆటగాడి మరణానికి గానీ తీవ్ర అస్వస్థతకు గానీ తన సిబ్బంది నిర్లక్ష్యమే కారణమని స్వతంత్ర విచారణలో తేలితే, మిగిలిన ఒప్పందకాలానికి హెడ్ కోచ్‌కు ఒక్క డాలరు కూడా చెల్లించబోమన్న నిబంధనను మేరీలాండ్ రీజెంట్లు ఆ జట్టు కోసం కుదుర్చుకునే తర్వాతి కాంట్రాక్టులోనే రాయించాలి.