గుడ్డిపాము ముందు ఎవరికి కనిపించింది?

శేషాచలంలో కొత్త జీవి దొరికిందని వార్త వస్తే చాలు, ‘ఇన్నాళ్లూ ఎవరికీ తెలియనిది’ అన్న మాట వెంటే వస్తుంది. చిత్తూరు పల్లెల్లో చెనిక్కాయ చేలో కలుపు తీసేవాళ్లు ఆ మాట వింటే నవ్వుకుంటారు. తొలకరికి మట్టి పెళ్ల తిరగేస్తే వానపాములా మెరుస్తూ జారిపోయే గుడ్డిపామును చూడనిదెవరు? శాస్త్రానికి తెలియకపోవడం వేరు, మనిషికి తెలియకపోవడం వేరు.

ఆ గుడ్డిపాము కథే చూడండి. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పుస్తకం అచ్చు వేయించాడు. అందులో చాలా బొమ్మలకు తెలుగు పేర్లే ఉన్నాయి. విశాఖపట్నం ప్రాంతపు చిన్న పాము ఒకదానికి, అంటే ఈ గుడ్డిపాముకే, ‘రెండు తలల పాము’ అని, విన్నది విన్నట్టు ఇంగ్లిషు అక్షరాల్లోకి దించుకున్నాడు. 1803లో ఫ్రెంచి పండితుడు దోదెన్ దాని ఆధారంగానే బ్రామినస్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఈ జాతిలో మగవి ఉండవు. ఆడవే గుడ్లు పెట్టి సంతతిని పెంచుకుంటాయి. అందుకే పూలకుండీ మట్టిలో ఒక్కటి ఓడెక్కినా చాలు, కొత్త దేశంలో కాపురం పెట్టేస్తుంది. ఇప్పుడు ‘రెండు తలల పాము’ అంటే మాత్రం కోట్లు పలుకుతుందని మోసగాళ్లు బేరం పెట్టే మరో పాము గుర్తొస్తుంది!

కొత్త జాతి అని తేల్చడంలో అసలు కష్టం పట్టుకోవడంలో లేదు. ముందు అటవీశాఖ అనుమతి కావాలి. తర్వాత మైక్రోస్కోపు కింద ఒళ్లు చుట్టూ ఎన్ని వరుసల పొలుసులున్నాయి, ముట్టె మీద పొలుసులు ఎలా కలుస్తున్నాయి, కన్ను మచ్చగానైనా మిగిలిందా అని లెక్కపెట్టాలి. గుడ్డిపాముల ఒళ్లంతా ఒకే సైజు నున్నటి పొలుసులే, ఎక్కడ మొదలుపెట్టామో మధ్యలోనే మరిచిపోతాం. ఒక నమూనాను జాతికి ఆధారంగా నిలిపి మ్యూజియంలో భద్రపరచాలి. ఆపై వందేళ్ల కిందటి సీసాల్లో రంగు వెలిసిన బంధువులతో పోల్చాలి. డీఎన్ఏ సాయపడుతుంది గానీ, ఫార్మలిన్‌లో నానిన పాత నమూనాల నుంచి దాన్ని రాబట్టడం తేలిక కాదు.

1870లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ వర్ణించిన వాటిలో రెండు బల్లి జాతుల సంగతి చెప్పుకోవాలి. ఒకటి బంగారు బల్లి, తిరుమల కొండ రాళ్ల మీద మెరిసి పేరు తెచ్చుకుంది. రెండోది విశాఖ కొండల్లో మట్టిలో దూరి బతికే, చూడ్డానికి పాములా ఉన్నా బల్లి కోవకే చెందే నలికండ్ల పాము సెప్సోఫిస్. అది మళ్లీ శాస్త్రవేత్తల కంటపడేసరికి 130 ఏళ్లు దాటింది. మట్టిలో ఉండేది అంత సులువుగా కంటపడదు మరి.

నా అభ్యంతరం ఇక్కడే. 1989లో జాతీయ పార్కు, 2010లో బయోస్ఫియర్ రిజర్వు అయిన శేషాచలానికి కనీసం కాపలా ఉంది. దాని బయట, మామిడి తోటల గట్లలో, ఊరి గుట్టల ఎర్రమట్టిలో ఏముందో ఎవరు చూస్తున్నారు? ఆ గుట్టలు రాత్రికి రాత్రే గ్రావెల్ టిప్పర్లలో లేఅవుట్లకు తరలిపోతున్నాయి. వన్యప్రాణి చట్టం జాబితాల్లో ఉండేవి పేర్లు. పేరే లేని ప్రాణికి అందులో చోటు ఎక్కడిది?

వెతకాల్సిన చోటు తవ్వకం జరిగే చోటే. దుక్కిలోనో, జేసీబీ కిందో తెగిన పామును కోళ్లకు విసిరేయకుండా ఫారెస్టు బీట్ ఆఫీసుకు కబురు చేస్తే, అక్కడ స్పిరిట్ సీసా సిద్ధంగా ఉంటే, అది ఎస్వీ యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగం దాకా చేరగలదు. సీసా మీద చీటీలో ఊరు, తేదీ, ఎంత లోతున దొరికిందో రాయాలి. తవ్వినవాళ్లు దాన్ని ఏమని పిలిచారో, అది కూడా.